ఇనీషియల్ ఎవరిది, పాల డబ్బా ఖర్చు ఎవరిది?

ఆసుపత్రిలో పుట్టిన ఏ బిడ్డకైనా మొదట దొరికే పేరు అమ్మదే. చేతి పట్టీ మీద, తొట్టికి అంటించిన కాగితం మీద ‘బేబీ ఆఫ్ ఫలానా’ అని రాస్తారు. ఆ ఫలానా తల్లి. బిడ్డలు తారుమారు కాకూడదంటే ఎవరి పేరు రాయాలో నర్సమ్మలకు ఎవరూ చెప్పక్కర్లేదు. గొడవంతా వార్డు గుమ్మం దాటి, పురిటి స్నానాలయ్యాక మొదలవుతుంది.

రెండేళ్ల కిందట అలాంటి గొడవలో నేనూ కూర్చున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి కూతురు విజయవాడలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేసేది. అక్కడే పనిచేసే అబ్బాయితో కలిసి అజిత్‌సింగ్ నగర్‌లో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని రెండున్నరేళ్లు ఉంది. పెళ్లి ‘వచ్చే మాఘంలో’ అంటూనే రెండు మాఘాలు దాటిపోయాయి. కాన్పుకు గుంటూరు, పుట్టింటికి వచ్చింది. ఆపరేషన్ రోజు అతను వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

బారసాల జరగాల్సిన రోజున పంచాయితీ జరిగింది. అతను, వాళ్లమ్మ, ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. “మా ఇంటిపేరు వాడుకోకూడదు. లక్షన్నర ఇస్తాం, ఇక ఏ సంబంధమూ లేదని రాసివ్వండి” అని వాళ్ల మాట. “మీ లక్షన్నర ఎవరిక్కావాలి? ఇంటిపేరు ఇవ్వండి చాలు, రేపు పిల్ల తలెత్తుకుని తిరుగుతుంది” అని మా అన్నయ్య మాట. మూడు గంటలు, రెండు విడతల కాఫీలు. అతను మాత్రం నోరు విప్పలేదు. చివరికి వాళ్ల మాటే నెగ్గింది. నేను పత్రికల్లో రాస్తుంటాను కాబట్టి కాగితం కూడా బాగా రాస్తానని వంద రూపాయల స్టాంపు పేపరు నా చేతికిచ్చారు. సిగ్గుపడుతూ చెబుతున్నా, రాశాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లందరం చేసిన పొరపాటు ఒక్కటే. ఇంటిపేరునూ డబ్బునూ ఒకే తక్కెడలో పెట్టి తూచాం. పేరు ఇస్తే డబ్బు ఇవ్వాల్సి వస్తుందని వాళ్ల భయం. పేరు దొరికితే డబ్బు వదులుకున్నా ఫర్వాలేదని మా వాళ్ల లెక్క. చట్టంలో ఈ రెంటికీ ముడి లేదు. బిడ్డకు తండ్రి ఇంటిపేరు లేకపోయినా తండ్రి డబ్బు కట్టాల్సిందే. కట్టాడు కదా అని ఇంటిపేరు పెట్టే హక్కు అతనికి రాదు.

ముందు పేరు సంగతి. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లి, ఆమె తర్వాతే తండ్రి. ఇది ఈమధ్య వచ్చిన ముచ్చట కాదు, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్‌లోనే ఉంది. 2015లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, పెళ్లికాని తల్లి గార్డియన్‌షిప్ కోరితే తండ్రి ఎవరో బయటపెట్టాలని, అతనికి నోటీసు ఇవ్వాలని పట్టుబట్టనక్కర్లేదంది. ఆమె అఫిడవిట్ ఇస్తే చాలు, బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిందేనంది. 2016 డిసెంబర్ నుంచి పాస్‌పోర్టుకు కూడా తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టాన్ని 2023లో సవరించినప్పుడు, పుట్టుక వివరాలు ఇవ్వాల్సినవాళ్ల జాబితాలో పెళ్లికాని తల్లిని విడిగా చేర్చారు. ఆ ఏడాది అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం కాబట్టి ఈ మార్పు చిన్నది కాదు.

ఇంటిపేరు మీద నేరుగా వచ్చిన తీర్పు 2022 జూలైది. ఆ కేసు మన తెలుగు కుటుంబానిదే. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుంది. బిడ్డ సంరక్షకత్వం కోసం మొదటి భర్త తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. పాత ఇంటిపేరే పెట్టాలని, రికార్డుల్లో కొత్త భర్తను ‘సవతి తండ్రి’ అని చూపాలని హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం క్రూరమంది, బిడ్డకు ఉన్న ఒకే ఒక సహజ సంరక్షకురాలిగా ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనంది. అది పెళ్లయిన స్త్రీ కేసే, కాదనను. కానీ పెళ్లికాని తల్లి సంరక్షకత్వం అంతకంటే సూటిగా చట్టంలోనే రాసుంది కదా, ఆమెకు ఈ హక్కు లేదని ఎలా అంటాం?

ఇంత స్పష్టంగా ఉన్నా గొడవ ఎందుకంటే, మన దగ్గర ఇంటిపేరు ఉత్త పేరు కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాడు మనసులో ఊరూ కులమూ లెక్క కట్టేస్తాడు. “ఫలానా వాళ్లా? ఏ ఊరు ఫలానా?” అన్న ప్రశ్న అందుకే. ఆ అబ్బాయి వాళ్లమ్మ భయం కూడా అదే. తన కొడుక్కి రేపు సంబంధాలు చూసేటప్పుడు, ఎక్కడో ఒక బడి రిజిస్టర్‌లో అదే ఇంటిపేరుతో ఒక పిల్ల ఉండకూడదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని ఊరికే అన్నారా పెద్దలు!

తల్లి పేరు తగిలించుకోవడం చిన్నతనం అనేవాళ్లను ఒకసారి అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లాలనిపిస్తుంది. ఆంధ్రుల ఘనత అని మనం రొమ్ము విరుచుకుని చెప్పుకునే శాతకర్ణి పేరుకు ముందున్నది గౌతమి, ఆయన తల్లి. కొడుకు పులుమావి వాసిష్ఠీపుత్రుడు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో వీరపురుషదత్తుడు మాఠరీపుత్రుడు. సింహాసనం తండ్రి నుంచే వచ్చింది, నిజమే. శాసనంలో చెక్కించుకున్నది మాత్రం అమ్మ పేరు. రాజులకు లేని నామోషీ బట్టల షాపు గుమస్తాకు ఎందుకో.

నా మట్టుకు నేను, కలిసి పెంచని తండ్రి ఇంటిపేరు కోసం కొట్లాడటం దండగ అంటాను. తండ్రి ఇష్టపడి, రోజూ వచ్చి, జ్వరం వస్తే మందు తాగించేవాడైతే అతని ఇంటిపేరు పెట్టుకోండి, తప్పేం లేదు. లేకపోతే తల్లిది పెట్టేయండి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి గానీ, బిడ్డ పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా ఎక్కించుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. కాబట్టి బారసాల నాటికి ఇనీషియల్ తేలిపోవాలన్న టెన్షన్ అక్కర్లేదు. బడిలో వేసేలోగా తేలితే చాలు.

డబ్బు మాత్రం అలా ఆగదు. పాల డబ్బా, టీకాలు, డైపర్లు ఏడాది గడువు ఇవ్వవు. అందుకే మొదట వేయాల్సింది మెయింటెనెన్స్ కేసు, అంటే పోషణ ఖర్చు ఇప్పించమని వేసే కేసు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 125వ సెక్షన్, ఇప్పుడు 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144. హిందువా, ముస్లిమా, క్రైస్తవా అన్న తేడా లేదు. సక్రమ సంతానమైనా అక్రమ సంతానమైనా తండ్రి పోషించాలి అంటుంది. (2023లో చట్టాన్ని కొత్తగా రాస్తూ కూడా ‘అక్రమ’ అన్న మాటను ఊడబెరకలేదు. అక్రమం ఏదైనా ఉంటే పెద్దవాళ్లది, ముద్ర పసిదానికి.) పెళ్లి కాలేదు కాబట్టి తల్లికి తన కోసం భరణం అడగడం కష్టం కావచ్చు. బిడ్డ హక్కు దాని మీద ఆధారపడదు.

ఒకప్పుడు నెలకు 500 దాటి ఇప్పించే వీలే లేదు. 2001లో ఆ పరిమితి ఎత్తేశారు. ఇప్పుడు ఇంత అని పట్టిక లేదు, తండ్రి సంపాదన, బిడ్డ అవసరం చూసి జడ్జి తేలుస్తారు. 2020లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో పెట్టాలి, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క. మధ్యంతర భరణం నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టం. తర్వాత మేం వేసిన కేసులో నోటీసు అందడానికే నెలలు పట్టింది, కవరు ‘డోర్ లాక్’ అని రెండుసార్లు తిరిగొచ్చింది. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే వారంటు, బాకీపడ్డ ఒక్కో నెలకు నెల దాకా జైలు. బకాయి మాత్రం ఏడాదిలోపే అడగాలి, చాలామంది ఇక్కడే జారిపోతారు.

కేసు ఎక్కడ వేయాలన్నదీ తెలుసుకోవాల్సిందే. తల్లీ తండ్రీ చివరిసారి ఎక్కడ కలిసున్నారో అక్కడ వేయవచ్చని చట్టం ఈ బిడ్డల తల్లులను తలచుకునే రాసింది. అందుకే మా అమ్మాయి గుంటూరులో ఉన్నా కేసు విజయవాడలో పడింది. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

“నా బిడ్డ కాదు” అంటే? డీఎన్‌ఏ పరీక్ష ఉంది, కానీ అడగగానే కోర్టులు ఇవ్వవు, అవసరం చూపించాలి. కోర్టు ఆదేశించాక తప్పించుకుంటే అతనికి వ్యతిరేకంగా భావించవచ్చు. 2007 నుంచి 2009 దాకా మన గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీ ఉదంతం గుర్తుందిగా. కొడుకు 2008లో కేసు వేస్తే, ఎంత పెనుగులాడినా సుప్రీంకోర్టు దాకా వెళ్లి చివరికి రక్తం ఇవ్వక తప్పలేదు, 2012 జూలైలో ఫలితం బయటికొచ్చింది. అయితే నాలుగేళ్లు పసిపిల్ల ఆగలేదు. అందుకే పరీక్ష కంటే ముందు కాగితాలు వెతకమంటాను. ఇద్దరి పేర్లున్న అద్దె అగ్రిమెంటు, ఫోన్‌పే చెల్లింపులు, స్కానింగ్ ఫొటో పంపినప్పుడు అతనిచ్చిన వాట్సాప్ జవాబు, ఆపరేషన్‌కు ముందు ‘భర్త’ అని రాసి పెట్టిన సంతకం.

ఆస్తి దగ్గర మాత్రం చట్టం చిన్నచూపు చూస్తోంది. మొదటి భార్య ఉండగా గుళ్లో తాళి కట్టినా, ఆ పెళ్లి చెల్లకపోయినా, పుట్టిన బిడ్డకు తండ్రి ఆస్తిలో వాటా ఉంది. పూర్వీకుల ఆస్తిలో తండ్రి వంతుకు వచ్చేదాంట్లోనూ ఉందని 2023 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. అసలు తాళే కట్టకుండా కలిసున్నవాళ్ల బిడ్డకు హిందూ వారసత్వ చట్టంలో తల్లితోనే బంధుత్వం. ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా బతికితే పెళ్లయినట్టే కోర్టులు భావించవచ్చు, కానీ అది రుజువుల మీద నడిచే దారి. మోసంగా తాళి కట్టినవాడి బిడ్డకు ఉన్నది, తాళే కట్టనివాడి బిడ్డకు లేదు. ఈ తేడా ఏ న్యాయమో నాకు అర్థం కాదు.

తల్లి సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డ పోషణ హక్కు చెల్లిపోదని నాకు తెలిసింది, ఆ స్టాంపు పేపరు రాసిన ఏడాదికి. లక్షన్నర అప్పటికే ఖర్చయిపోయింది. న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన లాయరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ అతని సంతకం ఉన్న కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగితే, అమ్మాయి నా వైపు చూసి, “బాబాయ్, అదొక్కటే ఉంది” అని బ్యాగులోంచి తీసింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివారు. ‘నా వలన కలిగిన ఆడశిశువు పోషణ నిమిత్తం’ అన్న చోట వేలు ఆగింది. కింద అతని సంతకం, ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలు.

“ఈ లైను ఎవరు రాశారండీ?” అన్నారు.

చెయ్యెత్తాను. కేసులో మొదటి ఎగ్జిబిట్ ఇప్పుడు అదే.