ప్లాస్టిక్ ఫిఫ్టీ మీద బాబాయితో పేచీ

ఒడిశా బరంపురంలో మా బాబాయికి ఫోటో స్టూడియో ఉంది. రీలు కెమెరాల కాలం నుంచి పెళ్లిళ్లు తీస్తున్నాడు, ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు కూడా ఆయన్నే పిలుస్తారు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో 4,500 పెట్టి కానన్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్ కొన్నాను, అదే ఈ ప్లాస్టిక్ ఫిఫ్టీ. ఎఫ్ పక్కనుండేది లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. అంతకుముందు దాని పాత మోడల్ ఉండేది, పడి విరిగింది. మళ్లీ ఆ జాతిదే ఎందుకు తెచ్చావని రాత్రి స్టూడియో షట్టర్ సగం దించాక బాబాయ్ మొదలుపెట్టాడు. అప్పుడు మా ఇద్దరి మధ్య నడిచిన మాటలివి.

బాబాయ్: ఒకసారి చెయ్యి కాల్చుకున్నావు కదరా, మళ్లీ ప్లాస్టిక్‌దే తెచ్చావేంటి? సోంపేట పెళ్లిలో ఏమైంది? నడుమెత్తు బల్ల మీంచి పడగానే అద్దాలున్న ముందుభాగం ఊడి కుర్చీల కిందికి దొర్లింది, వెనక ముక్క కెమెరాకే ఉండిపోయింది. అప్పటికింకా జీలకర్ర బెల్లం పెట్టలేదు కాబట్టి పరువు దక్కింది.

నేను: విరిగింది, కాదనను. అది 1990లో వచ్చిన మోడల్ బాబాయ్. కెమెరాకి బిగించే మౌంట్‌తో సహా ప్లాస్టిక్, మొత్తం కలిపి 130 గ్రాములు. పడితే సరిగ్గా అక్కడే రెండుగా ఊడుతుందని వాడినవాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నదే. ఇది 2015లో వచ్చింది, మౌంట్ లోహంది.

బాబాయ్: మౌంట్ లోహమైతే లోపలంతా లోహమైపోతుందా?

నేను: అవదు. ఆ మాటకొస్తే ఖరీదైనవాటిలో కూడా చాలా లెన్సులకి బయట రింగు మాత్రమే లోహం, దాన్ని పట్టుకునే స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లోకే. అందుకే మౌంట్ చూసి గట్టిదా కాదా అని తేల్చొద్దంటాను. దీని అసలు బలహీనత వేరే ఉంది. దగ్గరి మనిషి మీద ఫోకస్ పెడితే ముందు గొట్టం బయటికి వస్తుంది, ఆ గొట్టానికి దెబ్బ తగిలితే లోపలి పళ్లచక్రాలు పోతాయి. అది తెలిసే ముందు తగిలించే గొడుగులాంటి హుడ్ తియ్యకుండా వాడుతున్నాను, సంచిలో పెట్టేముందు గొట్టం లోపలికి వెళ్లిందో లేదో చూస్తున్నాను.

బాబాయ్: అన్ని జాగ్రత్తలు పడాల్సిన వస్తువుని గట్టి వస్తువంటారా? నా నిక్కర్ 105 చూడు, నికాన్ వాళ్ల పాత లోహపు లెన్స్, ఎఫ్ 2.5. 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెకరీ ఆ పచ్చకళ్ల అఫ్గాన్ పిల్లని తీసింది ఈ రకం లెన్స్‌తోనే, మరుసటేడు నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీదికెక్కింది. నాది ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు, ఇప్పటికీ రింగు వెన్నలా తిరుగుతుంది.

నేను: తిరుగుతుంది. ఓసారి టార్చి వేసి లోపలికి చూడు. అంచున సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తున్నాయి కదా, ఆ ఫంగస్ ఎప్పటిది? 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి మనకి కరెంటు లేదు, నువ్వు దీన్ని తోలు సంచిలో బీరువాలో వదిలేశావు. గోడలు చెమ్మ, సంచి చెమ్మ. అంత లోహం ఉండి దేన్ని ఆపింది?

బాబాయ్: అది నా తప్పురా, లెన్స్‌ది కాదు. పైగా విప్పి తుడిపిస్తే ఆ పోగులు మిగిలాయి గానీ ఫోటో బాగానే వస్తోంది. దీన్ని విప్పొచ్చు. నీ పాతది ముక్కలైనప్పుడు బాగుచేసేవాడు ఏమన్నాడు? ఆ డబ్బుతో ఇంకోటి వస్తుంది, పారెయ్యమన్నాడా లేదా?

నేను: అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, పారెయ్యడం నాకూ బాధగానే ఉంది. అందుకే నా లెన్స్‌ని మూత బిగుతుగా పట్టే డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టాను, లోపల తేమ 40, 50 శాతం మధ్య ఉంచుతున్నాను. మన సముద్రపు గాలికి 4,500ది, 45,000ది అని తేడా లేదు కదా.

బాబాయ్: సరే, ఫోటో సంగతికి రా. ఎఫ్ 1.8 పెట్టి తీసిన మొహాలు చూశాను. ఒక కన్ను క్లియర్, రెండోది పొగ. పెళ్లికూతురి తల్లి అడిగితే ఏం చెప్తావు?

నేను: అది లెన్స్ చేసిన తప్పు కాదు, మొత్తం తెరిచి తీసినవాడిది. మన క్రాప్ బాడీ మీద, అంటే సెన్సర్ చిన్నదైన కెమెరా మీద, మీటరున్నర దూరంలో 1.8కి క్లియర్‌గా వచ్చేది 6 సెంటీమీటర్ల మందమే. మొహం కాస్త పక్కకి తిప్పితే రెండో కన్ను అందులోంచి జారిపోతుంది. రంధ్రం కాస్త మూసి 2.8కి తెస్తే 9 సెంటీమీటర్లు దొరుకుతుంది, చాలు. పైగా మన బాడీ మీద ఇది 80 ఎం.ఎం. లెన్స్‌లా చూస్తుంది కాబట్టి మొహం మీదికి వెళ్లక్కర్లేదు, నాలుగడుగులు వెనక్కే ఉంటాం, ముక్కు ఉబ్బినట్టు పడదు.

బాబాయ్: వెనక సీరియల్ బల్బులు అయిదు మూలల బిళ్లల్లా పడేవి, అది మరిచిపోయావా?

నేను: ఆ రంధ్రాన్ని మూసే రేకులు, బ్లేడ్లు, పాతదానికి అయిదు బాబాయ్, దీనికి ఏడు. కాస్త గుండ్రంగానే పడుతున్నాయి. అసలు నీకు చెప్పాల్సింది వేరే ఉంది. మొన్న గోపాల్‌పూర్‌లో ఆ జాలరి తాతని తీశాను కదా, వల అంచు కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుని, చెక్కసూదితో కుడుతున్నాడు, కళ్లు చికిలించి దారం వైపే చూస్తున్నాడు. గంటసేపు ఆయన పక్కన ఇసకలో కూర్చున్నాను. మొదట్లో బిగుసుకుపోయాడు, తర్వాత మీదే ఊరు బాబూ అని తెలుగులో మాట కలిపి కెమెరా సంగతే వదిలేశాడు. నీ పెద్ద జూమ్ లెన్స్, ఆ 70-200 ఇచ్చి నన్ను ఆ ఇసకలో కూర్చోనిచ్చేవాడివా? ఆ తెల్లటి గొట్టం మొహం మీద పెడితే తాత అలా ఉండేవాడా?

బాబాయ్: ఇచ్చేవాణ్ని కాదు. ఇంతకీ ఆ ఇసక లోపలికి దూరలేదా?

నేను: దూరింది. బ్లోయర్‌తో ఊదాను, రింగు తిప్పితే ఇంకా కొంచెం గరగరమంటోంది.

బాబాయ్: అదే నేను చెప్పేది! తాత రేపు కూడా అక్కడే వల కుడతాడు, మళ్లీ వెళ్లి తీసుకోవచ్చు. తలంబ్రాలు ఇంకోసారి పొయ్యరు. ఆ గరగర పెట్టుకుని మండపంలో నిలబడితే నాకు టెన్షన్.

నేను: తలంబ్రాల దగ్గర నీ మాటే వింటాను. ఆదివారం ఇచ్ఛాపురం పెళ్లికి మండపంలో నీ పెద్ద లెన్సే ఉండనీ. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు గదిలో మాత్రం ఇదే. అక్కడ వెలుతురుండదు, చోటుండదు, ఆ అమ్మాయికి సిగ్గు.

బాబాయ్: గదిలో తీసుకో. కానీ నా 85 ఎం.ఎం. లెన్స్ కూడా నీ సంచిలో ఉండాలి. ముందు ఆ గరగర సంగతి తేల్చు, ఏదీ, ఇలా ఇయ్యి.