సవరణ: 50 హెర్ట్జ్ హార్న్ పెట్టెలో రెట్టింపు కావాల్సింది వైశాల్యం

ఇంట్లో చేసుకునే 50 హెర్ట్జ్ ఎక్స్‌పొనెన్షియల్ హార్న్ (స్పీకర్ ముందు బూరలా విచ్చుకునే దారి ఉన్న పెట్టె) కొలతల్లో, “ప్రతి 38 సెం.మీ.కి వెడల్పు, ఎత్తు రెట్టింపు” అని వచ్చింది. అది “దారి అడ్డుకోత వైశాల్యం రెట్టింపు” అని చదువుకోండి. రెండూ రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలై కటాఫ్ (హార్న్ పనిచేసే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) 100 హెర్ట్జ్‌కి ఎగబాకుతుంది, పెట్టె ఎంత పెద్దదైనా అడుగు బేస్ రాదు.

తేలిక దారి ఒకటుంది. లోపలి వెడల్పు 40 సెం.మీ. దగ్గరే ఉంచి, పలకల మధ్య ఎడం మాత్రం పెంచండి: గొంతు (స్పీకర్ వైపు ఇరుకు చివర) దగ్గర 5 సెం.మీ., 38 దగ్గర 10, 76 దగ్గర 20, 114 దగ్గర 40. మడతల్లో ఈ పొడవును దారి మధ్యగీత వెంటే కొలవాలి. బయటి గోడ వెంట కొలిస్తే అసలు దారి పొట్టిదై కటాఫ్ మళ్లీ పైకి జరుగుతుంది.

నోటికి (హార్న్ బయటికి తెరుచుకునే చివరకి) ఇచ్చిన 4,700 చ.సెం.మీ. గది మూలలో, నేలమీద పెట్టేవారికే. గోడలకు దూరంగా నేలమీద పెడితే 18,800 కావాలి, మామూలు ఇళ్లలో అది కుదిరే పని కాదు.

ఎంఆర్ (తేమను కొంతవరకే తట్టుకునే) ప్లై అన్నచోట బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే ప్లై) అని మార్చుకోండి. చెన్నై తేమకి ఎంఆర్ అంచులు ఉబ్బి అతుకులు విడతాయి. పెట్టెలో స్పీకర్ వెనకుండే మూసిన అరలోంచి గాలి కారి, గట్టి బేస్ దెబ్బకల్లా ఉస్సుమంటుంది. గాడి కోసే ముందు 18 మి.మీ. పలకను వెర్నియర్‌తో కొలవండి, అసలు మందం తగ్గితే గాడి వదులైపోతుంది.