సవరణ: ఆ 30 శాతం లెక్క తప్పు

ఒకే యాప్ స్టోర్‌ను నమ్ముకున్న చిన్న డెవలపర్లకు, ఆ స్టోర్ తమ అకౌంట్ ఆపేస్తే ఆదాయమంతా పోతుందన్న టెన్షన్ ఉంటుందని ఒక పోస్టు రాశాను. అందులో "ఆపిల్, గూగుల్, స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) మూడూ ఎవరి దగ్గరైనా అమ్మకాల్లో 30 శాతం కమీషన్‌గా కోసుకుంటాయి" అన్నాను. తొందరలో మూడింటినీ ఒకే గాటన కట్టేశాను. సరిదిద్దుతున్నాను.

2021 జనవరి 1 నుంచి చిన్న డెవలపర్లకు ఆపిల్ కమీషన్ 15 శాతమే. కాకపోతే అడగందే రాదు, చిన్న డెవలపర్ల కోసం ఆపిల్ పెట్టిన ప్రోగ్రామ్‌లో చేరాలి. ముందటి ఏడాది రాబడి 10 లక్షల డాలర్లు దాటకూడదు. ఇక్కడ రాబడి అంటే మొత్తం అమ్మకాలు కాదు, కమీషన్ పోను మిగిలింది. ఏడాది మధ్యలో గీత దాటితే అక్కణ్ణుంచి 30 శాతం, మరుసటి ఏడాది మొదటి డాలర్ నుంచే 30. గూగుల్ అదే ఏడాది జూలైలో తెచ్చిన పద్ధతి వేరు: ఎంత పెద్ద కంపెనీకైనా ఏటా మొదటి 10 లక్షల డాలర్లపై 15 శాతం.

స్టీమ్‌ది అంతా తలకిందులు. 2018లో మార్చిన నిబంధనల్లో ఒక గేమ్ కోటి డాలర్ల అమ్మకాలు దాటాకే 25 శాతం, 5 కోట్లు దాటాక 20. చిన్నవాడికి మాత్రం 30 అలాగే ఉంచారు (నాకైతే ఇది ఇప్పటికీ మింగుడు పడదు).

పోస్టులో అసలు మాట మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. నెలకు వెయ్యి డాలర్ల అమ్మకాలుంటే 700 బదులు 850 చేతికొస్తాయి, సంతోషమే. కానీ స్టోర్ అకౌంట్ ఆపేస్తే వచ్చేది సున్నా. ఆ టెన్షన్‌కు కమీషన్‌తో సంబంధం లేదు.