దోసె కోసం క్వీన్స్ దాకా వెళ్ళాలా?

రమణ, సుజాత న్యూయార్క్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ఇండియన్ తిండి ఎప్పుడూ ముట్టని నలుగురు సహోద్యోగులను దక్షిణాది శాకాహార హోటల్‌కి తీసుకెళ్తామని ఇద్దరూ మాటిచ్చేశారు. ఏ హోటల్‌కన్నది తేలడం లేదు.

రమణ: ఇందులో ఆలోచించడానికేముంది సుజాతక్కా, లెక్సింగ్టన్ అవెన్యూ. 28వ వీధి చుట్టుపక్కల వరసగా మన హోటళ్ళే, ఆ ఏరియాని కర్రీ హిల్ అనే అంటారు. కూర్చోబెట్టి మంచినీళ్ళు పోస్తారు, ఏది ఏమిటో మెనూలో రాసుంటుంది, అర్థం కాకపోతే వెయిటర్‌ని అడగొచ్చు.

సుజాత: ఆ మెనూతోనే వచ్చింది తంటా. రెండు పేజీల దోసెలు చూసి కొత్తవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి, పక్కనే పనీర్ బటర్ మసాలా, నాన్ కనిపిస్తే హమ్మయ్య అని అదే చెప్పేస్తారు. అది తినడానికి మనమెందుకు, ఏ వీధిలోనైనా దొరుకుతుంది. క్వీన్స్‌లో ఉన్న ఫ్లషింగ్ గణపతి గుడి క్యాంటీన్‌కి పోదాం.

రమణ: గుడికా! 7 నంబర్ ట్రైన్‌లో చివరి స్టేషన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు నడిపించి, నేలమాళిగలోకి దింపి, కౌంటర్ దగ్గర నిలబెడతారా? మొదటిసారే వేరే మతం వాళ్ళ గుడి అంటే కొందరికి ఇబ్బందిగా ఉంటుంది కూడా.

సుజాత: పైకెళ్ళి దణ్ణం పెట్టుకోమని ఎవరూ అడగరు, తినేసి రావచ్చు. 1977లో కుంభాభిషేకం జరిగిన గుడి అది, ఆ క్యాంటీన్ దోసె కోసమే వచ్చే అమెరికన్లు బోలెడుమంది. అక్కడ మసాలా దోసె పెనం మీంచి నేరుగా చేతికొస్తుంది, అంచులు కరకరలాడుతూ, మధ్యలో బంగాళాదుంప కూర ఇంకా పొగలు కక్కుతూ. దోసెకున్న ప్రాణం అయిదు నిమిషాలు, ఆ తర్వాత తోలే. అందుకే నా లెక్క ఒక్కటే, దోసెలు ఎక్కువ తిరిగే చోటికి పోవాలి. జనం ఉంటే పిండి నిలవుండదు, పులుపెక్కదు. లంచ్ బఫేలో మూత కింద చెమట పట్టిన దోసె పెట్టావంటే వాళ్ళు జన్మలో మళ్ళీ అడగరు.

రమణ: బఫే నేనూ వద్దనే అంటాను. మంచి థాలీ చెబుదాం, అన్నీ కొంచెం కొంచెం రుచి చూస్తారు.

సుజాత: అదే వద్దంటున్నా. పది గిన్నెలు ముందు పెడితే ఏది దేనితో కలుపుకోవాలో తెలీక రసాన్ని సూప్‌లా తాగేసి, ఊరగాయని కూర అనుకుని చెంచాడు నోట్లో వేసుకుంటారు. వరస మనం నేర్పాలి కానీ అది రెండోసారికి. మొదటిసారి టిఫినే. ఇడ్లీ సాంబారు, వడ, మసాలా దోసె, చివర్న ఫిల్టర్ కాఫీ. దోసెని చేత్తో తుంచి చట్నీలో ముంచడానికి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు.

రమణ: ఇడ్లీ? ఆవిరి మీద ఉడికిన తెల్ల ముద్ద, పైగా పులిసిన వాసన! మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు కాబట్టి కానీ, వాళ్ళకి చప్పిడి మెతుకులా ఉంటుంది అక్కా.

సుజాత: సరే, ఇడ్లీ మీద పోట్లాడను. వడ సాంబార్లో నానకుండా విడిగా తెప్పిద్దాం. పొంగల్ కూడా వద్దులే, తెలీక మిరియం గింజ కొరికితే ఆ పూట అయిపోయినట్టే. కరివేపాకు పక్కకి తీసేయాలని ముందే చెప్పకపోతే నమిలేస్తారు, ఈ ముక్క ఎవరూ గుర్తుపెట్టుకోరు.

రమణ: ఇప్పుడు నా మాట వినండి. నలుగురిలో ఒకరికి గోధుమ పడదు, ఒకరు వీగన్, పాలూ నెయ్యీ కూడా ముట్టరు, ఒకాయన కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు పాటిస్తారు. దోసెలో బియ్యం, మినప్పప్పే కదా అని మీరు ధీమాగా ఉంటారు, కానీ సాంబార్లో వేసే ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలిపి ఉంటుంది. రవ్వ దోసె సంగతి చెప్పక్కర్లేదు. వీగన్‌కి నెయ్యి వద్దనాలి, పెరుగు చట్నీ వద్దనాలి. ఇవన్నీ జనం తోసుకునే కౌంటర్ దగ్గర, నంబరు పిలిచే గోలలో ఎవరు వింటారు? లెక్సింగ్టన్‌లో కోషర్ సర్టిఫికెట్ గోడకి పెట్టుకున్న శాకాహార హోటళ్ళే ఉన్నాయి. ఆయన్ని క్యాంటీన్‌లో ఖాళీ ప్లేటుతో కూర్చోబెడతారా?

సుజాత: ఆ కోషర్ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా, ఇంతసేపు నా నోరు నొప్పెట్టించావు!

రమణ: మీరు చెప్పనిస్తేగా.

సుజాత: ఆయన్ని నేనే అడుగుతా, ఎక్కడైనా పర్లేదంటే ఫ్లషింగే. కాదంటే నీ లెక్సింగ్టన్. కానీ బయట నిలబడి ముందు లోపలికి చూస్తా, టేబుళ్ళ మీద దోసెలు కనిపించాలి. అందరూ నాన్ చింపుతుంటే పక్క హోటల్‌కి నడుస్తాం.

రమణ: దానికి ఒప్పుకుంటా. మెనూ మాత్రం వాళ్ళ చేతికి ఇద్దాం.

సుజాత: ఇవ్వను. ఆర్డర్ నేనే చెబుతా. నువ్వు ఇంగువ సంగతి కనుక్కో.