3+ అని రాసుంటే సరిపోతుందా?

సెలవులొస్తే చాలు ఇంట్లో పెద్దాళ్ల ఫోన్లన్నీ పిల్లల చేతుల్లోకి వెళ్లిపోతాయి, అమ్మమ్మగారింట్లో అయితే మరీ సులువు, ఆవిడ ఫోన్‌కి లాక్ ఉండదు, ఉన్నా ఆ ప్యాటర్న్ ఆవిడ కంటే మనవడికే బాగా గుర్తుంటుంది. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ మొన్న చెప్పిన సంగతి ఇది. వాళ్ల బాబుకి ఐదేళ్లు. బొమ్మలకి రంగులేసే గేమ్ ఏదో కావాలన్నాడు, ప్లే స్టోర్‌లో చూస్తే 3+ అని ఉంది, బొమ్మలూ ముద్దుగా ఉన్నాయి, ఇంకేం ఆలోచించాలి అని డౌన్‌లోడ్ చేసిచ్చి వంటింట్లోకి వెళ్లారు. పావుగంటకల్లా వాడు ఏడుస్తూ వచ్చాడు. ఏనుగుకి రంగేస్తుంటే మధ్యలో యాడ్ వచ్చిందట, అందులో ఏదో దెయ్యం మొహం, ఆపుదామంటే ఇంటూ మార్కు ఎక్కడుందో కనబడలేదు, కనబడిందనుకుని నొక్కితే ఇంకో గేమ్ పేజీ ఓపెనైంది. ఆ రాత్రి ఒక్కడే బాత్రూమ్‌కి వెళ్లనన్నాడు.

"తప్పు నాదేనండీ, సరిగ్గా చూడకుండా ఇచ్చేశాను" అంటున్నారావిడ. మేం ఒప్పుకోం. ఆవిడ చూశారు. ఏ నంబర్ చూడమని స్టోర్ చూపిస్తుందో ఆ నంబరే చూశారు, కాకపోతే ఆ నంబర్ చెప్పేది ఎంత తక్కువో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అసలు మనలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

సినిమాకైతే సెన్సార్ బోర్డు ఉంది, మనుషులు కూర్చుని మొత్తం చూసి సర్టిఫికెట్ ఇస్తారు, 2024 నుంచి యూఏ లోనే 7+, 13+, 16+ అని విడదీశారు కూడా. గేమ్స్‌కి మన దేశంలో అలాంటి బోర్డు లేదు. ప్లే స్టోర్‌లో మనకి కనబడే 3+, 7+, 12+, 16+, 18+ అనేవి ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతిలో వస్తాయి, అంటే గేమ్ తయారుచేసినవాళ్లే ఒక ప్రశ్నాపత్రం నింపుతారు, కొట్టుకోవడాలున్నాయా, రక్తం కనిపిస్తుందా, బూతులున్నాయా, జూదం ఉందా అని అడుగుతారు, ఆ జవాబుల్ని బట్టి రేటింగ్ దానంతటదే వచ్చేస్తుంది. తర్వాత కొన్నిటిని చెక్ చేసి తప్పుంటే మారుస్తారు, అది కాదనట్లేదు. ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల లెక్క వేరు, అక్కడ 4+ తో మొదలవుతుంది.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, 3+ అంటే మూడేళ్ల పిల్లల కోసం చేసిన గేమ్ అని కాదు. ఆ గేమ్ లోపల అభ్యంతరకరమైనది ఏదీ లేదని మాత్రమే. ఫోన్‌లో ఉండే కాలిక్యులేటర్ యాప్‌కి కూడా 3+ అనే ఉంటుంది. గేమ్‌లో యాడ్స్ ఎన్ని వస్తాయి, డబ్బు ఎలా అడుగుతుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టొచ్చా లేదా, ఇవన్నీ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటాయి, వయసు నంబర్‌ని మాత్రం పెద్దగా కదిలించవు. ‘యాడ్స్ ఉన్నాయి’ అన్న ముక్క, ‘యాప్‌లో కొనుగోళ్లు’ అన్న ముక్క గేమ్ పేరు కిందే ఉంటాయి, కానీ మనం ఇన్‌స్టాల్ బటన్ తప్ప ఇంకేం చూడం. కొంచెం కిందికి వెళ్లి వివరాలు తెరిస్తే ఒక్కో ఐటమ్ ఎంత నుంచి ఎంత దాకా అని ధర కూడా ఉంటుంది, పిల్లల బొమ్మలున్న గేమ్స్‌లో కూడా కొన్నిటికి ఆ పై అంకె వేలల్లో ఉంటుంది. ఆ అంకె చూశాక ఆ గేమ్ ఎవరి కోసం తయారైందో సగం తెలిసిపోతుంది.

అందుకే మా మాట ఒక్కటే, పిల్లాడికి ఇచ్చే ముందు ఆ గేమ్ పెద్దాళ్లు ఒక ఇరవై నిమిషాలు ఆడాలి. రివ్యూలు చదవడం కాదు, ఆడాలి. వాడికి మందు పట్టేముందు సీసా మీద ఏముందో చదువుతాం, పాలు వేడిగా ఉన్నాయేమోనని చేతి మీద చుక్క వేసుకుని చూస్తాం, దీనికి ఆ ఇరవై నిమిషాలు పెద్ద పనేం కాదు. నెట్ ఆఫ్ చేసి ఒకసారి ఆడి చూడండి, నెట్ లేకుండా నడిచే గేమ్ అయితే సగం గొడవ అక్కడే వదులుతుంది. నెట్ ఆన్ చేసి ఇంకోసారి ఆడండి, ఓడిపోయినప్పుడు ఏం చేస్తుందో చూడండి, ఎందుకంటే గేమ్ అసలు బుద్ధి గెలిచినప్పుడు కాదు ఓడినప్పుడే బయటపడుతుంది. మళ్లీ మొదటి నుంచి ఆడుకోమంటుందా, యాడ్ చూస్తే బతికిస్తానంటుందా, గేమ్‌లో డబ్బులా వాడే డైమండ్స్ కొనుక్కోమంటుందా?

ఇంకోటి చూడాలి, ఆ ఆటకి ముగింపు ఉందా అని. మన వామనగుంటల్లో చింతపిక్కలు ఒక వైపు చేరిపోతే ఆట అయిపోయినట్టే, వైకుంఠపాళిలో పరమపదం చేరితే అయిపోయినట్టే, అష్టాచెమ్మాలో కాయలు పండితే అయిపోయినట్టే. లేచి వెళ్లి అన్నం తినొచ్చు. ఫోన్ గేమ్స్‌లో చాలావాటికి ఆ లేచే చోటే ఉండదు. క్యాండీ క్రష్‌లో ఐదు లైఫ్‌లు ఇస్తారు, అయిపోతే అరగంటకొకటి చొప్పున మళ్లీ వస్తాయి, ఆ అరగంట ఆగలేనివాళ్లు కొనుక్కోవచ్చు. పెద్దాళ్లమైతే ఫోన్ పక్కన పడేస్తాం, ఐదేళ్లవాడికి అరగంట అంటే ఎంతో కూడా తెలియదు, వాడు ఆ గడియారం వైపే చూస్తూ కూర్చుంటాడు. రోజూ వస్తేనే గిఫ్ట్ ఇస్తాం, ఒక్కరోజు మానేస్తే మొదటికొస్తుంది అనే లెక్క ఉన్న గేమ్ కూడా అంతే. ఫోన్ లాక్కుంటే పిల్లాడు మారాం చేస్తున్నాడు, మొండివాడైపోయాడు అని తిడతాం కానీ, చాలాసార్లు వాడు ఆపలేకపోవడం కాదు, ఆపడానికి ఆ ఆటలో చోటే పెట్టలేదు.

చాట్ విషయంలో మాకు ఏ అనుమానమూ లేదు, చిన్నపిల్లలకి తెలియనివాళ్లతో చాట్ ఉన్న గేమ్ వద్దు, అంతే. రోబ్లాక్స్ లాంటివి అడిగితే ఇంకా జాగ్రత్త, అది ఒక గేమ్ కాదు, లక్షల గేమ్స్ ఉన్న బజారు, వాటిలో ఎక్కువ భాగం ఆడేవాళ్లే తయారుచేసి పెడతారు, ఒకటి చూసి అన్నీ ఇలాగే ఉంటాయనుకోవడానికి లేదు.

డబ్బు సంగతికొస్తే, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి, ఓటీపీ వచ్చేది కూడా పిల్లాడి చేతిలో ఉన్న ఆ ఫోన్‌కే అని మర్చిపోకండి. పిల్లల ఫోన్‌ని పెద్దాళ్లు అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే మీరు ఓకే అంటేనే గేమ్ ఇన్‌స్టాల్ అవుతుంది. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా 48 గంటల్లోపు ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడగండి. ఇంకో మాట, కొంతమందికి నచ్చకపోవచ్చు, ఒకేసారి వందో రెండొందలో కట్టి కొనుక్కునే, యాడ్స్ లేని గేమ్ చాలాసార్లు ఫ్రీ గేమ్ కంటే పిల్లలకి మేలు. తిరునాళ్లలో రెండొందలు పెట్టి ప్లాస్టిక్ కారు కొంటాం, గేమ్‌కి వంద అంటే మాత్రం ఎందుకు దండగ అంటాం. ఎంతసేపు ఇవ్వాలి అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, రెండేళ్ల లోపు స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల దాకా రోజుకి గంట మించొద్దు అని.

కానీ ఇదంతా తల్లుల మీదే తోసేస్తే న్యాయం కాదు. వేరే దేశాలు ఏం చేశాయో చూడండి. డబ్బు పెట్టి తెరిస్తే లోపల ఏముందో తెలియని లూట్ బాక్సులని, మన చిన్నప్పటి బడ్డీకొట్టు లాటరీ అట్టలాంటివే, బెల్జియం 2018లోనే జూదం అంది. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబర్ నుంచి కొత్త గేమ్స్‌లో అవి ఉంటే కనీసం ఎం రేటింగ్, అంటే పదిహేనేళ్లు దాటినవాళ్లకి తగినది అని వేయాల్సిందే అంది. అమెరికాలో ఫోర్ట్‌నైట్ గేమ్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 2022లో అక్కడి ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది, పిల్లల సమాచారం తీసుకున్నందుకు కొంత, అనుకోకుండా కొనేసేలా బటన్లు పెట్టినందుకు కొంత.

మన దగ్గర 2025లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది, డబ్బు పందెం గేమ్స్‌ని ఆపేసింది, మంచిదే, రమ్మీలో కొంపలు ఆర్పుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో తక్కువేం కాదు. కానీ పందెం లేకుండా పిల్లాడి దగ్గర డైమండ్స్ అమ్మే గేమ్ ఆ నిషేధంలోకి రాదు. మన సొంత సమాచారాన్ని కాపాడే 2023 డేటా చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు ఏం చేస్తున్నారో గమనించి యాడ్స్ చూపించొద్దంటోంది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అమలుకి ఏడాదిన్నర గడువిచ్చారు, ఈలోపు ఐదేళ్లవాడికి ఆరేళ్లు దాటిపోతాయి.

కేంద్రాన్ని మేం అడుగుతున్నది పెద్ద విషయమేం కాదు. 3+ అని ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తున్నారో అంతే పెద్ద అక్షరాల్లో, యాడ్స్ వస్తాయి, డబ్బు అడుగుతుంది, తెలియనివాళ్లు మాట్లాడొచ్చు అన్న మూడు మాటలు ఇన్‌స్టాల్ బటన్ పైనే వేయించండి, అదీ తెలుగులో, మనవడికి ఫోన్ ఇచ్చే అమ్మమ్మ చదువుకునేలా.