గట్టిగా అడిగినోళ్లకే రిలీజ్‌లో చోటు అంటే ఎట్లా?

చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటున్నా, ఈ వారం ప్లానింగ్ అయినంక ఇంక ఆగబుద్ధి కాలే. గచ్చిబౌలి, మాదాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల్లో ప్రొడక్ట్ టీముల్లో చేసేటోళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఏమేం పెట్టాలో తేల్చే రిలీజ్ ప్లానింగ్ అని క్యాలెండర్‌లో మీటింగ్ ఉంటది, కానీ అసలు ప్లానింగ్ అంతా దానికి ముందే అయిపోతది. సేల్స్ హెడ్ లిఫ్ట్ దగ్గర ఆపి ఒకటి అడుగుతడు, రూల్స్ చూసుకునే కంప్లయన్స్ వాళ్లు మెయిల్‌లో ఇంకోటి, మార్కెటింగ్ వాళ్లు వాట్సాప్‌లో ఇంకోటి, రాత్రి అమెరికా కాల్‌లో పైవాళ్లు మరోటి. ఏ పని ముందు చేయాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్ ఒక్కొక్కరికీ విడివిడిగా సరే అనుకుంట పోతే, ఒకరికి ఇచ్చిన మాట ఇంకొకరికి తెలీదు, టీమ్ మీద మాత్రం అందరి మాటలూ కలిసి పడతయి.

అడగడం తప్పు కాదు. సేల్స్‌కి టార్గెట్ ఉంటది, కంప్లయన్స్‌కి ఆడిట్ ఉంటది, ఎవరి బాధ వాళ్లది. నా కోపం ఏందంటే, తాము అడిగింది లోపలికి వస్తే ఏది బయటికి పోతదో ఎవరూ చూడరు, చూడాల్సిన అవసరం రాకుండనే నడిచిపోతది.

నేను పేమెంట్స్ ప్రొడక్ట్‌కి ప్రొడక్ట్ ఓనర్‌ని, అంతకుముందు టెస్టింగ్‌లో ఉన్నా. ఒక డెమో కోసం డాష్‌బోర్డ్‌లో ఫిల్టర్ కావాలని సేల్స్ నుంచి వచ్చింది, "చిన్న ఛేంజే కదా మేడమ్" అన్నరు. స్క్రీన్ మీద ఫిల్టర్ సాయంత్రానికి కనబడతది, నిజమే. కానీ దాని వెనక డేటా తెచ్చిచ్చే ఏపీఐ మార్చాలి, ఎవరి డేటా ఎవరికి కనబడాలో పర్మిషన్లు చూడాలి, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌లో కూడా అదే లెక్క రావాలి, పాత యాప్ వెర్షన్ వాడేటోళ్లకి విరగకూడదు, ఇవన్నీ అయినంక పాతవేవీ చెడిపోలేదని చూసే రిగ్రెషన్ టెస్టులన్నీ మళ్లీ నడపాలి. రిలీజ్ డేట్ వెనక్కి జరగదు కాబట్టి ప్రతిసారీ కోత పడేది ఆ రిగ్రెషన్ టైమ్‌కే. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడేదాంట్లో, పగిలితే అర్ధరాత్రి లేచేది అడిగినోళ్లు కాదు.

ఇప్పుడు ఇంకో టికెట్, అంటే రాసిపెట్టిన పని, చూడండి. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ షాపాయన, సాయంత్రం గల్లా లెక్క చూసుకోవాలంటే మా సెటిల్‌మెంట్ రిపోర్ట్ పనికిరాదు, ఎందుకంటే అందులో డబ్బు అకౌంట్‌లో పడ్డ తేదీ ఉంటది గానీ కస్టమర్ కట్టిన తేదీ ఉండదు. రోజూ సపోర్ట్‌కి ఫోన్ చేస్తడు, సపోర్ట్‌లో ఒక అమ్మాయి చేత్తో ఎక్సెల్ తయారు చేసి పంపుతది. ఆయనొక్కడే కాదు, అట్లాంటి మర్చంట్లు చాలామంది. ఒక్క కాలమ్ కలపాలి, డేటా మన దగ్గర ఉన్నదే. ఆ టికెట్ రిలీజ్ మీద రిలీజ్ కిందికే జారింది, ఎందుకంటే దాని తరఫున గట్టిగా మాట్లాడే హెడ్ ఎవరూ లేరు. "అక్కా, ఈసారన్నా పెడ్తరా?" అని ఆ పిల్ల అడిగితే నాకు చాలా బాధైంది.

నేనిప్పుడు ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతున్నా: ఇది ఒక నెల లేటైతే ఏం పోతది? దీన్నే కాస్ట్ ఆఫ్ డిలే అంటరు. జవాబులు వేరువేరు రకాలుగా వస్తయి. రెగ్యులేటరీ పని అయితే ఆ డేట్ దాకా ఏం కాదు, దాటిన తెల్లారి అంతా పోతది. కార్డ్ టోకెనైజేషన్, అంటే అసలు కార్డ్ నంబర్ బదులు ఒక కోడ్ దాచుకోవడం, గుర్తుందా, మర్చంట్లు కార్డ్ నంబర్లు దాచుకోవడం ఆపడానికి ఆర్‌బీఐ పెట్టిన గడువు 2021 డిసెంబర్ 31 నుంచి 2022 జూన్ 30కి, అక్కడి నుంచి సెప్టెంబర్ 30కి జరిగింది, అయినా పని తప్పలేదు, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చేసింది. డేట్ జరిగింది కదా అని ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తే తర్వాత తిప్పలే. సేల్స్ ఫిల్టర్ లేటైతే ఒక డెమో కొంచెం పేలవంగా ఉంటది. రిపోర్ట్ కాలమ్ లేటైతే రోజూ కొంత కొంత పోతనే ఉంటది, అందుకే ఎవరికీ కనబడదు.

పనుల్ని మస్ట్ (తప్పనిసరి), షుడ్ (ఉండాలి), కుడ్ (ఉంటే మంచిది), వోంట్ (ఈసారి వద్దు) అని పంచే మాస్కో పద్ధతి చాలా టీముల్లో ఉంది, షీట్ తెరిస్తే పైనుంచి కింద దాకా అన్నీ మస్టే. ఆ పద్ధతిని వాడే డీఎస్‌డీఎమ్ అనే ప్రాజెక్ట్ విధానం వాళ్లు మస్ట్‌లకి మొత్తం శ్రమలో 60 శాతం దాటొద్దంటరు, మిగతా జాగా ఉంటేనే డేట్ నిలబడతది. చిన్న చిన్న విడతల్లో పనిచేసే స్క్రమ్ పద్ధతికి రాసిన 2020 గైడ్ అయితే ప్రొడక్ట్ ఓనర్ అంటే ఒక్క మనిషి, కమిటీ కాదు, ఆ మనిషి నిర్ణయాన్ని సంస్థ మొత్తం గౌరవించాలని రాసింది. మన దగ్గర చాలాచోట్ల ఆ పేరు హైదరాబాద్‌లో ఉంటది, నిర్ణయం రాత్రి తొమ్మిదిన్నర కాల్‌లో అవతలి నుంచి వస్తది, పొద్దున పనుల జాబితా రాసుకునే జిరాలో టైప్ చేసేది మనం. ఇంకొకటి, అమెరికా వాళ్ల థాంక్స్‌గివింగ్ పండక్కి మార్పులు ఆపేసే ఫ్రీజ్ ప్లాన్‌లో ముందే ఉంటది, సద్దుల బతుకమ్మకి, దసరాకి సగం టీమ్ ఊర్లకి పోతదని మాత్రం ఎవరూ లెక్కేయరు. కెపాసిటీ అంటే మనుషుల టైమే కదా.

అందుకే ఈసారి అందరినీ ఒకే రూములో కూర్చోబెట్టిన, సపోర్ట్ లీడ్‌ని కూడా పిలిచిన. సెలవులు తీసేసి మిగిలిన కెపాసిటీ స్క్రీన్ మీద పెట్టిన. ఎవరికి ఏది కావాలన్నా ఏది తీయాలో వాళ్లే చూపించాలి, ఆ తీసే పని అడిగినోళ్ల ఎదుటనే చెప్పాలి. రిపోర్ట్ కాలమ్ వద్దని సపోర్ట్ లీడ్ మొహం మీద ఎవరూ అనలేకపోయిన్రు. ఫిల్టర్ తర్వాతి రిలీజ్‌కి పోయింది, సేల్స్ హెడ్‌కి నా మీద కోపంగా ఉంది, ఆ కోపం నాకు సమ్మతమే. క్లయింట్‌కి ఆ డేటే చెప్పండి సార్, దాన్ని నేను నిలబెడత అని చెప్పిన.