తాళం వేసిన గదిలో కంప్యూటరు తత్త్వం

మా గోదావరి డెల్టాలోని ఒక కళాశాలలో తత్త్వశాస్త్రం ఎం.ఎ. విద్యార్థులకు ‘కంప్యూటరు ప్రాథమిక నైపుణ్యాలు’ అనే పేపరు తప్పనిసరి. దాని ప్రశ్నపత్రం ఈ మధ్య నా కంటబడింది. ‘మౌస్ బొమ్మ గీసి భాగములను గుర్తింపుము’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఫైలును సేవ్ చేయు విధానమును సోదాహరణముగా వివరింపుము’ అన్నది రెండవది. తెల్లకాగితం, బాల్‌పెన్ను, మూడు గంటల సమయం. పూతరేకు చుట్టడం గురించి పది మార్కులకు వ్యాసం రాయమని ఆత్రేయపురం ఆడవాళ్ళను అడిగితే, వాళ్ళు అడిగినవాణ్ణి ఎగాదిగా చూసి తమ పనిలో తాము పడతారు. ఎం.ఎ. విద్యార్థులకు ఆ వెసులుబాటు లేదు.

ఆ కళాశాలలో కంప్యూటరు ల్యాబు లేదని ఎవరైనా అంటే అది అపనింద. ల్యాబు ఉన్నది. దానికి తాళమూ ఉన్నది. తాళంచెవి ప్రిన్సిపాలు గారి బీరువాలో ఉన్నది. బీరువా తాళంచెవి సెలవు మీద వెళ్ళిన గుమాస్తా గారి దగ్గర ఉన్నది. “గది తీస్తే దుమ్ము పడిపోద్దండి, ఆయ్” అని అటెండరు చెప్పే కారణాన్ని ఖండించగల వాది ఇంతవరకు ఆ ప్రాంగణంలో పుట్టలేదు.

కళ్ళారా చూసి తెలుసుకునే ప్రత్యక్ష ప్రమాణానికి దారి మూసుకుపోయినందువల్ల విద్యార్థులు గుర్తును బట్టి ఊహించే అనుమాన ప్రమాణాన్ని ఆశ్రయించారు. న్యాయదర్శనం, అనగా మన తర్కశాస్త్రం, చదువుకున్న పిల్లలు కనుక వరండాలో నిలబడి ఐదు మెట్ల పంచావయవ వాక్యాన్ని నిర్దుష్టంగా ప్రయోగించారు. ఈ గదిలో కంప్యూటర్లు ఉన్నవి. లోపలి నుంచి సన్నని మోత వినిపిస్తున్నది కనుక. ఎక్కడెక్కడ అట్టి మోత ఉండునో అక్కడక్కడ కంప్యూటరు ఉండును, ప్రిన్సిపాలు గారి గదిలో వలె. ఈ గదిలోనూ అట్టి మోత ఉన్నది. కావున ఈ గదిలో కంప్యూటర్లు ఉన్నవి. ఇంతలో కరెంటు పోయినా మోత ఆగలేదు. అది ఇన్వర్టరు మోత అని తేలింది. కంప్యూటరు లేనిచోటా మోత ఉండగలదు కనుక హేతువు సవ్యభిచారం, అనగా హేత్వాభాసం, చెల్లని కారణం. ఇక దిక్కు శబ్ద ప్రమాణం, అనగా తెలిసినవారి మాట. అది బస్టాండు ఎదురుగా పుస్తకాల కొట్లో గైడు రూపంలో దొరుకుతుంది.

విజయదశమికి మాత్రం తలుపు తెరుచుకుంటుంది. మానిటర్లకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి (మా వైపు కొబ్బరికాయకు కొదవేమిటి), హారతి ఇచ్చి, మళ్ళీ ముసుగులు కప్పేస్తారు. ఆనాడు విద్యార్థులకు దర్శనం లభిస్తుంది. స్పర్శ నిషిద్ధం.

నిజానికి కంప్యూటరు మూలపురుషులలో తత్త్వవేత్తలే ఉన్నారు. సున్నా, ఒకటి అనే రెండంకెలతోనే లెక్కలన్నీ చేయవచ్చునని 1703లో వ్యాసం రాసిన లైబ్నిట్జ్ తత్త్వవేత్త. జార్జ్ బూల్ 1854 నాటి తన గ్రంథంలో తర్కాన్ని బీజగణితంగా నడిపించి చూపాడు. యంత్రాలు ఆలోచించగలవా అంటూ అలన్ ట్యూరింగ్ 1950లో రాసిన వ్యాసం వెలువడింది ‘మైండ్’ అనే తత్త్వశాస్త్ర పత్రికలో. గైడులో ఇవేవీ లేవు. మొదటి తరం కంప్యూటర్లలో వాక్యూమ్ ట్యూబులు వాడేవారని ఉన్నది.

“ఫిలాసఫీ వాళ్ళకు కంప్యూటరెందుకండీ, ఏం చేసుకుంటారు?” అని స్టాఫ్ రూములో టీ తాగుతూ ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. ఏం చేసుకుంటారో చెబుతాను, వినండి. సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి, ఆపైన బస్సెక్కి వచ్చే ఒక అమ్మాయి ఉన్నది. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. ఒకదానిలో మరొకటి ఉన్నట్టు భ్రమపడటాన్ని గురించిన శంకరుల అధ్యాస వాదం మీద ఆమె ప్రాజెక్టు వ్యాసం చేత్తో రాసి, డీటీపీ సెంటరు వాడికి పేజీకింత అని చెల్లించి టైపు చేయించింది. వాడు యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కాని పాత ఫాంటులో కొట్టి ఇచ్చాడు. కళాశాల ఆఫీసులో ఆ ఫైలు తెరిస్తే పేజీల నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తాడులో పాము కనబడటం గురించి నలభై పేజీలు రాసిన పిల్ల ఆ తెర ముందు నిలబడి ఏడ్చింది. నడుమ ఒక ఫుట్‌నోటు చేర్చమని గైడు మాష్టారు అన్నందుకు, తరువాతి అంకెలన్నీ మార్పించడానికి మళ్ళీ డబ్బు కట్టింది. తెలుగును యూనికోడ్‌లో కొట్టడం, అంకె దానంతటదే మారేలా ఫుట్‌నోటు పెట్టడం, శోధగంగ అనే వెబ్‌సైటులో విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు వెతుక్కోవడం, స్టాన్‌ఫర్డ్ వారి తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వాన్ని పైసా ఖర్చు లేకుండా చదువుకోవడం: ఇవండీ ఆమెకు కావలసినవి. తలుపు తీస్తే నాలుగు మధ్యాహ్నాల పని. ఆ నాలుగు మధ్యాహ్నాలు ఇవ్వలేనివారు ఆ పేపరుకు పరీక్ష ఫీజు ఏ మొహం పెట్టుకొని వసూలు చేశారు? దింపు కార్మికుడి డబ్బు తిని, ఆయన కూతురికి మౌస్ బొమ్మ చూపిస్తారా? సిగ్గుండాలి.

వచ్చే ఏడాది నుంచి ఆ పేపరులో కృత్రిమ మేధ అనే కొత్త యూనిట్ చేరుతున్నదట. దానికి ప్రాక్టికల్ రికార్డు కూడా పెట్టారు. అట్టకు బ్రౌన్ పేపరు వేయాలి. ఎడమ పేజీలో పెన్సిలుతో బొమ్మ, కుడి పేజీలో నీలి సిరాతో వివరణ. కృత్రిమ మేధకు ఏ బొమ్మ గీయాలని విద్యార్థులు అడిగారు. అది పాఠ్యప్రణాళికా సంఘం తేల్చవలసిన విషయమని, ఈలోగా స్కేలు, కంపాస్ బాక్సు కొని ఉంచుకోవలసిందని సమాధానం వచ్చింది.